పడమటి తూము ఎత్తమన్నదెవరు?

ఆరో ద్వారం దగ్గర కూడా ముప్పమకు దొరికింది అదే జవాబు.

"ఇది తూర్పు ద్వారం తల్లీ. పడమటి తూము సంగతి మాకు తెలియదు. పడమటి ద్వారంలో విచారించుకో," అన్నాడు ద్వారపాలకుడు, తాంబూలం ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంటూ.

"ఇచారించానయ్యా! నాలుగు రోజుల కిందట నేను మొదలెట్టింది అక్కడే! ఆళ్ళు పక్క ద్వారానికి పొమ్మన్నారు, ఆ పక్కోళ్ళు ఆ పక్కకి పొమ్మన్నారు. గుడి చుట్టూ ఇన్ని ప్రదక్షిణాలు చేసుంటే రాతిదేవుడైనా కరిగి, ఏంటమ్మా నీ గోడు అని అడిగేవోడు!"

"ఆజ్ఞ మీద అర్జీ అయితే, ఆజ్ఞ ఇచ్చినవారికే ఇవ్వాలి."

"ఎవరిచ్చారు ఆజ్ఞ?"

"మహామండలి."

"మండలిలో ఎవరు?"

"అది అడగకూడదు."

"మరి అర్జీ ఎవరికివ్వను?"

"చెప్పాను కదమ్మా. ఆజ్ఞ ఇచ్చినవారికి."

ముప్పమ చేతిలోని తాటాకు అర్జీ వైపు చూసింది, ద్వారపాలకుడి బట్టతల వైపు చూసింది. భుజం మీది తెడ్డు ఆ తల మీద దిగకపోవడానికి కారణం ఆమె ఓర్పు కాదు. పక్కనున్న యువరాజు హేమాంగదుడు దాని కొన గట్టిగా పట్టుకున్నాడు.

ముప్పమ మణిశైల రాజ్యంలో, నీలవాహిని ఒడ్డునున్న దోనెరేవు అనే ఊరి పడవమనిషి. ముప్పై అయిదేళ్ళది. మొగుడు పోయాక తెడ్డు తనే పట్టి, ఏటి మీద పన్నెండేళ్ళుగా జనాన్ని ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ చేరుస్తోంది. తమ ఊరు మునగబోతోందన్న కబురు ఆమెకు చేరిన తీరు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. దండోరా లేదు, చాటింపు లేదు. పది రోజుల కిందట వేటకు వచ్చిన యువరాజు ఆమె పడవలో ఏరు దాటుతూ, ఒడ్డున మామిడితోపులు చూసి మురిసిపోయి, "ఎంత చక్కని ఊరు! పాపం, వచ్చే దశమికి మునిగిపోతుంది కదూ!" అన్నాడు. రేపు ముసురు పడుతుంది కదూ అన్నంత తేలిగ్గా అన్నాడు. ముప్పమ అతన్ని ఏట్లోకి తోయబోయి, చివరి క్షణంలో ఆగి, సంగతంతా రాబట్టింది.

సంగతి ఇదీ. ఆరు రాజ్యాల నడుమ, కొండల ఒడిలో మేఘసాగరం అనే జలాశయం ఉంది. దానికి ఆరు వైపులా ఆరు తూములు. ఈ ఏటి వానలకు నీళ్ళు అంచు దాకా వచ్చాయి. ఏదో ఒకటి చేయకపోతే కట్ట తెగుతుంది. ఆ ఆరు రాజ్యాలూ ఒకప్పుడు నూరేళ్ళు కొట్టుకుని, విసిగి, షడ్రాజ్య సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆ సమాఖ్య మహామండలి, పడమటి తూమును నిలువెల్లా ఎత్తమని ఆజ్ఞాపించింది. ఆ తూము కిందే దోనెరేవు. నాలుగు వందల గడపలు. ఊరు ఖాళీ చేసి కొండెక్కుదామంటే కొండదారిని సమాఖ్య సైనికులు మూసేశారు. ప్రజల భద్రత కోసమట!

తూము ఎత్తేవాడు శిలాయక్షుడు, కొండంత రాతిమనిషి. దశమినాడు పొద్దు కుంకగానే ఎత్తుతాడు. వాణ్ణి ఆపే దారి ఒక్కటే. మండలిలో ఆ ప్రతిపాదన చేసిన నోరే "పడమటి తూము వద్దు" అని మూడుసార్లు అనాలి. ఆరు రాజ్యాల్లో ఎక్కడ నిలబడి అన్నా వాడికి వినబడుతుంది. కానీ ఆ నోరు ఎవరిదో చెప్పేవాడు లేడు.

హేమాంగదుడు ముందు తన తండ్రి ప్రచండసేన మహారాజు దగ్గరకు పరుగెత్తాడు. ముప్పమను వాకిట్లోనే నిలబెట్టారు. ఆ ప్రభువు వాచిన కాలు దిండు మీద పెట్టుకుని, మంచం దిగలేని స్థితిలో కన్నీళ్ళు పెట్టుకున్నాడట. "నేనేం చేయను నాయనా! పైవాళ్ళ ఆజ్ఞ. నా చేతుల్లో ఏముంది?" అన్నాడట. ఇక పైవాళ్ళెవరో చూద్దామని ముప్పమ బయల్దేరింది. యువరాజు కూడా వెంట వచ్చాడు. నోరుజారిన పాపానికి ప్రాయశ్చిత్తం చేసుకోవాలిగా!

ఆ దశమి ఈ రోజే. అప్పుడే జాము పొద్దెక్కింది.

"ముప్పమక్కా, అటు చూడు," అన్నాడు హేమాంగదుడు.

సమదర్శి దుర్గం వాళ్ళ కళ్ళముందు ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచి ఉంది. ఆరు రాజ్యాల రాళ్ళతో ఆరు రంగుల ప్రాకారాలు. చంద్రకాంత శిలల సోపానాలు. బురుజు బురుజుకూ పచ్చల కళ్ళ గండభేరుండాలు. గాలి వీస్తే వెండి మువ్వలు మోగే నూటెనిమిది ధ్వజాలు. ప్రతి ద్వారం మీదా బంగారు అక్షరాలతో 'ఇది మీ ఇల్లే' అని చెక్కారు. ఆ ద్వారాలన్నీ మూసే ఉన్నాయి. ఉత్తరపు మూలలో మాత్రం, పూలతీగల చాటున, ఏడో తలుపు ఒకటి బార్లా తెరిచి ఉంది. బంగారు పల్లకి దిగిన లావుపాటి మనిషి ఒకడు దానిలోకి నడిచి వెళ్తుంటే భటులు రెండు చేతులతో కళ్ళు మూసుకుని వంగి నిలబడ్డారు.

"ఆళ్ళెందుకు కళ్ళు మూసుకున్నారు?"

"అది మండలి సభ్యుల తలుపమ్మా," అన్నాడు ద్వారపాలకుడు గర్వంగా. "లోపలికి పోయేవారెవరో చూడకూడదు, పేరు అడగకూడదు, ఏ రాజ్యమని అసలే అడగకూడదు. లోపల అందరూ ఒకే రకం ముసుగు వేసుకుంటారు. ఎవరు ఎక్కడివారో తెలిస్తే పక్షపాతం వస్తుందని పూర్వులు పెట్టిన నియమం."

"అంటే, అర్జీ పట్టుకొచ్చినోళ్ళని ఆరు ద్వారాల్లో అరవై ప్రశ్నలు అడుగుతారు. ఉత్త చేతులతో వచ్చినోళ్ళని ఏమీ అడగరా?"

"అడగడం నిషిద్ధం."

నాలుగు రోజులుగా గుండెలకు హత్తుకుని తిరిగిన ఆ తాటాకును ముప్పమ ముక్కలు ముక్కలుగా చింపి ద్వారపాలకుడి ఒళ్ళో పోసింది. తెడ్డును పొదల్లోకి విసిరింది. యువరాజు పట్టు ఉత్తరీయం లాక్కుని తన నేతచీర మీద కప్పుకుని, తలెత్తి, ఏడో తలుపు వైపు నడిచింది. హేమాంగదుడు కిరీటం చంకలో దాచుకుని, సేవకుడిలా వెనక నడిచాడు. భటులు చటుక్కున కళ్ళు మూసుకున్నారు.

లోపల ఇరుకు గది. గోడకు పన్నెండు మేకులు, అయిదింటికి తెల్లని ముసుగులు, అంగీలు. వాటిని కాపలా కాస్తున్నవాడు మాంత్రికుడు గూఢపాదుడు. గడ్డం మోకాళ్ళ దాకా, కనుబొమలు చెవుల దాకా పెరిగిన ముసలివాడు. డెబ్భయ్యేళ్ళుగా ఆ దుర్గం నియమాలను మంత్రాలతో నడిపిస్తున్నది అతడే. ముప్పమ పగిలిన మడమల వైపూ, కాయలు కాసిన అరచేతుల వైపూ అతడు అనుమానంగా చూశాడు. పెదవులు కదిలాయి. అడగబోయి, నాలుక కరుచుకున్నాడు. తాను రాసిన నియమం తన నోటికే తాళం వేసింది.

"ముసుగూ అంగీ ధరించండి ఆర్యా," అన్నాడు పళ్ళు బిగబట్టి. "లోపల 'మా' అనే మాట అనవద్దు. మా ఊరు, మా ప్రజలు, మా రాజ్యం అని ముసుగులోంచి ఎవరన్నా రాతిచిరుతలు మీద పడతాయి."

సభామండపంలోకి అడుగుపెట్టిన ముప్పమకు కళ్ళు చెదిరాయి. వెయ్యి స్ఫటిక స్తంభాలు, ఒక్కొక్క స్తంభంలో ఒక్కొక్క ఇంద్రధనుస్సు. నడుమ చల్లదనం కోసం తవ్విన పాలరాతి కాలువ గలగల పారుతూ గోడకింది జలద్వారం గుండా బయటికి పోతోంది. దాని మీద పూలపళ్ళేలు మోసే హంసపడవ ఒకటి తేలుతోంది. నలుమూలలా నాలుగు రాతిచిరుతలు, కెంపుల కళ్ళు, కత్తుల్లాంటి గోళ్ళు. వలయంగా వేసిన ఆసనాల్లో ఏడుగురు కూర్చున్నారు. అందరికీ ఒకే ముసుగు, ఒకే తెల్లని అంగీ. ముసుగులోంచి వచ్చే గొంతులు కూడా ఒకేలా ఉన్నాయి. ముప్పమ ఒక ఖాళీ ఆసనంలో కూర్చుంది. హేమాంగదుడు మూలనున్న వింజామర తీసుకుని సేవకుల వరసలో కలిశాడు.

ఇంత వైభవంగా కూర్చున్నవాళ్ళు ఏం చర్చిస్తున్నారంటే, ధ్వజాల మువ్వలు వెండివే ఉంచాలా, కంచువి కట్టాలా అని! ఒక ముసుగు కంచు అంది. ఇంకో ముసుగు వెండిలోని ఔన్నత్యం గురించి ముప్పావు ఘడియ మాట్లాడింది. మూడో ముసుగు, ఈ విషయం తేల్చడానికి ఉపమండలి వేయాలంది. అటు ఊరు మునగడానికి మూడు జాములు కూడా లేవు. ముప్పమ ఆసనం చేతులను పిండి చేసేలా పట్టుకుంది. ఇక ఆగలేకపోయింది.

"మువ్వలు తరవాత కట్టుకుందురు గానీ, పడమటి తూము సంగతేంటండీ?"

ఏడు ముసుగులూ ఆమె వైపు తిరిగాయి.

"అది తీర్మానమైపోయింది," అంది ఒకటి.

"ఎవరు ప్రతిపాదించారు?"

"గుర్తుంచుకోవడం నిషిద్ధం."

"కింద ఒక ఊరుంది. ఆ ఊరోళ్ళకి చెప్పారా?"

"ప్రకటన అంటించాము," అంది ఇంకో ముసుగు నొచ్చుకుంటూ. "ఆరు భాషల్లో."

"ఎక్కడ?"

ఆ ముసుగు తన వెనక గోడ చూపించింది. నిజమే. సభామండపం లోపలి గోడకు, ముత్యాల సరాల మధ్య, ఆరు భాషల్లో చక్కని చేతిరాత.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా తనదని ఒప్పుకునేవాడు లేడు. ముప్పమ కోపం దిగమింగి, ఏటిమనిషికి తెలిసిన లెక్క చెప్పింది.

"అయ్యా, నా మాటినండి. నీళ్ళు నిండాయి, ఎటో ఒక పక్కకి వదలాలి, ఒప్పుకున్నాను. ఒక్క తూము నిలువెల్లా ఎత్తితే ఊరు పోద్ది. ఆరు తూములూ తలా జానెడు ఎత్తండి. ఆరు ఏర్లూ కొంచెం పొంగుతాయి. గట్టు పొలాల్లో నాలుగు రోజులు బురద. ఎవరూ మునగరు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదా?"

ఎదురుగా ఉన్న ముసుగు ఒకటి ముందుకు వంగింది. "నిజమే! మ..." అని, అక్కడే ఆగిపోయింది. మూలనున్న రాతిచిరుత తల పైకెత్తింది. ఆ ముసుగు చటుక్కున వెనక్కి ఒరిగింది.

అప్పుడు అర్థమైంది ముప్పమకు. ఎందుకు తట్టదు, అందరికీ తట్టింది! తలా జానెడు పంచుకోవాలంటే, ఒక్కొక్కడూ లేచి "మా వైపు ఇంత ఓర్చుకుంటాం" అనాలి. ఆ 'మా' అన్నవాణ్ణి చిరుత చీలుస్తుంది. పక్షపాతం పోవాలని పూర్వులు పెట్టిన నియమం, ఎవరి కష్టం ఎవరూ చెప్పుకోకుండా చేసింది. బరువు పంచుకోలేక, అంతా ఎత్తి ఒక్క ఊరి నెత్తిన పెట్టారు.

"ఓరి మీ తెలివి తెల్లారా!" అంటూ ముప్పమ లేచి, ముసుగు లాగి నేలకేసి కొట్టింది.

సభ హాహాకారం చేసింది. గూఢపాదుడు మంత్రదండంతో పరుగెత్తుకొచ్చాడు. "ముఖం! సభలో ముఖం! అపచారం!"

"నా పేరు ముప్పమ. దోనెరేవు మా ఊరు! మా ఊరు, మా ఊరు, మా ఊరు! ఏం చేస్తారో చెయ్యండి!"

నాలుగు చిరుతలూ ఒక్క గంతులో ఆమె చుట్టూ దిగాయి. గోళ్ళు రాతి మీద నిప్పులు రాల్చాయి. ముప్పమ నిలబడ్డ చోటు వదల్లేదు. ఒక చిరుత మూతి చాచి ఆమె ముఖాన్ని వాసన చూసింది. ఇంకొకటి చూసింది. తర్వాత నాలుగూ ఆవలించి, తోకలు నేలకు కొట్టి కూర్చున్నాయి. ముసుగులోంచి అంటేనే చంపమని వాటికి చెప్పారు. ముఖంతో వచ్చి అడిగినవాళ్ళను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అలాంటివాళ్ళు వస్తారని ఎవరూ అనుకోలేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది ముప్పమ. "తూము ఎత్తమన్న నోరు ఎవరిది?"

ఏడు ముసుగులూ పక్క ముసుగుల వైపు చూశాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

అంతలో సేవకుల వరసలోంచి వింజామర ఠప్పున కింద పడింది. హేమాంగదుడు కొయ్యబారి, మూడో ఆసనం కిందికి చూస్తున్నాడు. తెల్లని అంగీ అంచున ఒక పాదం, చిన్న పీట మీద మెత్తటి దిండేసి పెట్టి ఉంది. బొటనవేలు వంకాయంత వాచి, పసుపు లేపనంతో మెరుస్తోంది. ప్రతి సాయంత్రం ఆ లేపనం తన చేతులతో రాసింది అతడే.

"నాన్నగారూ!"

మూడో ముసుగు ఉలిక్కిపడింది. "ఎవరు... ఎవరికి నాన్న? ఇక్కడ బంధుత్వాలు నిషిద్ధం!"

"మంచం దిగలేనన్నారు! పైవాళ్ళ ఆజ్ఞ అన్నారు! నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు!" యువరాజు వరస దాటి ముందుకొచ్చాడు. "పైవాళ్ళంటే మీరేనా నాన్నగారూ?"

ప్రచండసేన మహారాజు కోపంతో లేచి, వాచిన కాలు నేలకు తగిలి "అబ్బా!" అని అరిచాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "అవునురా! నేనే ప్రతిపాదించాను! పాలన అంటే నీకేం తెలుసు? తూర్పువాళ్ళు ఎనభయ్యేళ్ళుగా పట్టుకుని కూర్చున్న గరుడకోటను ఈ ఒక్క తూముకు బదులుగా వదులుతున్నారు. నాలుగు వందల గుడిసెలు పోతే పోయాయి! గరుడకోట మాది! మా కోట! మా తాతలనాటి కోట!"

అతడు ముసుగు తీయలేదు.

నాలుగు చిరుతలూ ఒక్కసారి లేచాయి.

తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. మొదటి చిరుత గాల్లోకి లంఘించింది. ముప్పమ మహారాజు నడుం పట్టుకుని నేలకు పడదోసింది. చిరుత ఆసనాన్ని తునకలు చేసింది. ఆయన మీద ఆమెకు జాలి కలగలేదు. కానీ ఆ నోరు చిరుత పొట్టలోకి పోతే "వద్దు" అనేవాడు లేకుండా పోతాడు! మిగిలిన ఆరుగురూ చిరుతల భయానికి ముసుగులు పీకి అవతల పారేశారు. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు బావమరుదులు, "నువ్వా బావా?" అని నోళ్ళు తెరిచారు.

"అక్కా, కాలువ!" అని అరిచాడు హేమాంగదుడు. "నువ్వు ఆయన్ని తీసుకుపో! వీళ్ళ ముఖాలు బయటపడ్డాయి, తలా జానెడు సంగతి నేను తేలుస్తాను! పడమటి మాట మాత్రం ఆయన నోటే రావాలి!"

ముప్పమ మహారాజును బియ్యపు బస్తాలా హంసపడవలోకి విసిరి, వింజామర కర్రను గడగా పట్టి, ఒక్క తోపు తోసింది. రెండో చిరుత పడవ తోక మీద పడింది. బంగారు రేకు ఊడి దాని నోట్లోనే ఉండిపోయింది. గూఢపాదుడు మంత్రం చదివాడు. జలద్వారపు ఇనుప తలుపు పైనుంచి దిగసాగింది. ముప్పమ మహారాజు తల వంచి, తన తలా వంచింది. తలుపు అంచు ఆమె కొప్పులోంచి నాలుగు వెంట్రుకలు కోసుకుపోయింది. పడవ బయటపడింది.

బయట నేల లేదు. నీలవాహిని అక్కడ నూరు నిలువుల ఎత్తు నుంచి, వేయి వెండి జడలు విప్పినట్టు, పొగమంచులోకి దూకుతోంది.

"వద్దు!" అని అరిచాడు మహారాజు. "వద్దు! వద్దు!"

"ఏది వద్దు ఏలినోరా? పూర్తిగా అనండి!" అంది ముప్పమ ఆశగా.

"ఈ జలపాతం వద్దు!"

"ఇది నా చేతుల్లో లేదండీ," అంటూ ఆమె గడ బిగించింది. పడవ అంచు దాటింది.

పడ్డారు. మునిగారు. సుడి ఒకటి పడవను మింగి, రుచించక ఉమ్మేసింది. ముసుగు ఎటో కొట్టుకుపోయింది. తేలేసరికి మహారాజు మీసాలు తడిసి గడ్డం మీద వేలాడుతున్నాయి. హంస మెడ విరిగిపోయి, పడవ మాత్రం మిగిలింది. మొసళ్ళమడుగులో రెండు మొసళ్ళు వెంటపడితే, ముప్పమ కర్రతో ఒకదాని ముక్కు మీద కొట్టి, రెండోదాని వీపు మీద కాలుపెట్టి పడవను మలుపు తిప్పింది. చిలుకకొండల ఇరుకులో రాళ్ళకు రాసుకుంటూ, ఏటివాలున పడవ బాణంలా పోతోంది.

ఊపిరి తిరిగాక మహారాజు రాజసం కూడా తిరిగొచ్చింది. "పడవను రాజధాని కాలువలోకి తిప్పు!"

"ఏరు దోనెరేవుకే పోద్దండి. తూము దాని నెత్తిన పెట్టింది తవరేగా, తెలీదా?"

"నన్ను ఎత్తుకుపోయే అధికారం నీకెవరిచ్చారు?"

"మా ఊరిని ముంచే అధికారం తవరికెవరిచ్చారండీ?"

"సమాఖ్య!"

"సమాఖ్యకెవరిచ్చారు?"

"మేము, రాజులం!" అనేసి, మహారాజు కాస్త తడబడ్డాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నచ్చచెబుతున్నట్టు మాట్లాడాడు. "చూడమ్మా, రాజ్యంలో లక్ష గడపలు. ఒక కోట కోసం నాలుగు వందలు పోతాయి. మీకు ముందే చెప్పి, అడిగి ఉంటే మీరు ఒప్పుకునేవాళ్ళా?"

ముప్పమ కర్ర వేయడం ఆపింది. నాలుగు రోజులుగా పేరుకున్న విసుగంతా గొంతులోకి వచ్చింది. "అడక్కుండానే, ఒప్పుకోమని ఎట్టా తెలిసిందండీ? కనీసం మునుగుతారని చెప్పుంటే పిల్లాజెల్లా, గొడ్డూగోదా తీసుకుని కొండెక్కేవోళ్ళం కదా! దారి కూడా మూసేశారు. లోపలేమో తవరు ఎత్తమన్నారు, బయటేమో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తప్పు చేస్తే చేశారు, నేనే చేశానని ఒక్కడన్నా అంటే, తిట్టుకోడానికైనా ఒక మనిషి ఉండేవోడు మాకు!"

మహారాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెదవులు బిగించి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. "వద్దు" అనలేదు కూడా. గరుడకోట బురుజులు ఇంకా ఆయన కళ్ళలోనే ఉన్నాయి.

మలుపు తిరిగింది. ఎర్రబారిన పొద్దు పడమటి కొండకు మూరెడు ఎత్తున ఉంది. దోనెరేవు కనిపించింది. రేవు నిండా జనం. దారి మూసేయడంతో ఎటూ పోలేక, ముసలివాళ్ళను తెప్పల మీద కూర్చోబెట్టి, దూడలను దొడ్లలోంచి విప్పి, పసిపిల్లలను వెదురుబుట్టల్లో పెట్టుకుని నిలబడ్డారు. ముప్పమను చూసి ఒక్కసారి గోల చేశారు. ఎగువన, ఆనకట్ట మీద, శిలాయక్షుడి రాతి వేళ్ళు పడమటి తూము కడ్డీల మీద బిగుసుకోవడం అందరికీ కనబడుతోంది. కొండలు సన్నగా అదిరాయి.

పడవ ఒడ్డుకు తగిలింది. తెప్పల దగ్గర నిలబడ్డ వీరవ్వ, ఊరందరికీ పెద్దదిక్కైన ముసలామె, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తడిసి ముద్దయిన ఆ పెద్దమనిషిని కిందినుంచి మీదికి చూసింది. తలకు కిరీటం లేదు. కాలు వాచింది. ఆమె ఆయన్ను ఎప్పుడూ చూసి ఎరగదు. ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

"ఎవరే ముప్పీ ఈయన? మీ చుట్టమా?"

"ఆయన్నే అడుగు అవ్వా."

వీరవ్వ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి వచ్చి, ఆయన ముఖంలోకి వంగి చూసింది. "ఎవరి తాలూకు బాబూ నువ్వు? పొద్దు కుంకితే ఈ ఊరు మునిగిపోద్దంట. ఈ ఏళ ఎందుకొచ్చావు నాయనా?"

మహారాజు ఆమె వైపు చూశాడు. ఆమె చంకలోని చంటిదాన్ని చూశాడు. పొద్దు కొండ వెనక్కి జారింది. ఎగువన కడ్డీలు కిర్రుమన్నాయి. మొదటి నీటిజల్లు తూము అంచునుంచి చిమ్మింది. రేవులో ఎవరూ పరుగెత్తలేదు. పరుగెత్తడానికి దారి లేదు. నాలుగు వందల గడపల జనం ఆయన జవాబు కోసం నిలబడ్డారు.

"నేను..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను మీ రాజును. ఈ తూము ఎత్తమన్నది నేనే."

ఆయన మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. వీరవ్వ మాత్రం చంకలోని చంటిదాన్ని తీసి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది.

"అయితే నువ్వూ ఇక్కడే ఉండు నాయనా," అంది.

నీళ్ళ హోరు కొండమలుపు దాటింది. చంటిది ఆయన తడి మీసం గుప్పిట పట్టుకుంది. ప్రచండసేన మహారాజు ఎగువకు తల తిప్పి, ఊపిరి నిండా పీల్చుకుని, "పడమటి తూము వద్దు!" అని మొదటిసారి అరిచాడు.